పాత చీరల గది

నా చిన్నప్పుడు మా ఇంటి పక్క సందులో ఒక గది లేచింది. సిమెంటు గది సంగతి తర్వాత చెబుతాను. అంతకంటే ముందు లేచినది తాళ్ళు, వెదురు కర్రలు, పాత చీరలు, గోనెపట్టాల గది. దాన్ని కట్టించింది మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి. ఇప్పుడు నాకూ ఆవిడ వయసు వచ్చింది. ఇల్లు కట్టడం గురించి నాకు తెలిసిందంతా ఆ చీరల గదిలోనే నేర్చుకున్నాను. ఇంజినీరింగు చదివిన మా అబ్బాయి ఈ మాట వింటే నవ్వుతాడు. నవ్వనీ, నాకేం!

మాది విశాఖపట్నంలో పోర్టు రైలు కట్టకి ఇవతల చిన్న పెంకుటిల్లు. వీధివైపు ఒక గది, దాని వెనక వంటిల్లు, అంతే. మా గోడకీ పక్కింటివాళ్ళ గోడకీ మధ్య సందు ఉండేది. వంటింటికి ఉన్న ఒకే ఒక్క కిటికీ ఆ సందులోకే తెరుచుకునేది. నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. దండెం మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి పోర్టు దుమ్ముతో ఎర్రబడిపోయేవి. అమ్మ వాటిని దులుపుతూ ఓడల్ని తిట్టిపోసేది. ఆ తిట్లన్నీ తనకే తగిలినట్టు నాన్న మొహం ముడుచుకునేవాడు.

ఒక వేసవిలో నాన్న చెల్లెలు, మా అత్త, భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషను తెచ్చుకుంది. మా అత్త వస్తే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. నాకు జడలు వేసేది, మిగిలిన గుడ్డముక్కలతో నా బొమ్మకి గౌన్లు కుట్టేది. కానీ పెద్దవాళ్ళకి ఇల్లు ఇరుకైపోయింది. నాన్న రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు ముందుగదిలో పడుకునేవాడు. అదే గదిలో అత్త మిషను. ఆయన నిద్రపోతే ఈవిడ పని ఆగిపోయేది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసి, మంచం మీద నాన్నని చూసి, నాలుక కరుచుకుని వెళ్ళిపోయేవారు.

అత్త చర్చిలో ఎవరితోనో చెప్పి విజయనగరంలో ఆడపిల్లల హాస్టల్లో పని చూసుకుంది. వానలు మొదలయ్యేలోగా వెళ్ళిపోతానని ఒకరోజు అన్నం తింటూ మెల్లగా చెప్పింది. నాన్నకి కోపం ముంచుకొచ్చింది.

"ఎక్కడికీ ఎల్లక్కర్లేదు. సందులో నీకు గదేసేత్తాను. నాను బతికుండగా హాస్టలేటి నీకు?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇటుకలు, ఇనుము, సిమెంటు తప్ప వేరే మాట లేదు. చీటీ పాడిన డబ్బు ఉంది. నాన్న సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్ద గది వేద్దామన్నాడు. దానికి పెంకు కాదు, శ్లాబే ఉండాలన్నాడు. రేపు దాని మీద ఇంకో గది లేపుకోవచ్చట. ముందుగదిలోంచి తలుపు, గోడకి రెండు అలమరాలు. గాల్లో మేడలు కట్టడమంటే ఏమిటో అప్పుడే చూశాను. చివరికి మిగలకుండా, తగ్గకుండా డబ్బు సరిగ్గా సరిపోతుందని తేల్చి, గొప్పగా మామ్మ వైపు చూశాడు.

"సరిగ్గా సరిపోడమేటిరా? మరి పిడికెడేదీ?" అంది మామ్మ.

ఆ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. బియ్యం కడగడానికి ముందే ఒక పిడికెడు తీసి చర్చికని వేరే డబ్బాలో వెయ్యడం మా ఆడవాళ్ళ అలవాటు. అన్నం మిగిలితే ఇవ్వడం కాదు, వండకముందే తీసి పెట్టడం. ఎసట్లో ఎంత తక్కువున్నా ఆ పిడికెడు తప్పేది కాదు. గది డబ్బులోంచీ అలాగే, అనుకోని ఖర్చుకి ముందే కొంత తీసి పెట్టమని మామ్మ మాట. నాన్న నవ్వి, "ఏదైనా వత్తే అప్పుడు సూసుకుందాంలేవే అమ్మా" అన్నాడు. మామ్మ మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే భయపడాలని నాకు అప్పటికే తెలుసు.

మర్నాడు నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి సందులో గది ఉంది! ఆయనే ఎప్పుడో పోర్టు నుంచి తెచ్చి పడేసిన పాత తాళ్ళని, ఆయన చెప్పిన కొలతకే, కర్రల మీద లాగి కట్టించింది మామ్మ. తాళ్ళ మీంచి గోడలకి బదులు పాత చీరలు వేలాడదీసింది. వంటింటి కిటికీ ఉన్నచోట, గోడ ఎలాగూ మూసేస్తుంది కదా అని, గోనెపట్టాలు కుట్టి బిగించింది. పైన టార్పాలిను. లోపల అత్త మంచం, మిషను, ట్రంకుపెట్టె. తలుపు నాన్న చెప్పినట్టే ముందుగదిలోంచి, అప్పటికే సందులోకి ఉన్న పక్క తలుపే.

"ఏటే అమ్మా ఇదీ! ఇంటిని సంత సేసినావు!"

"గది కట్టేసినట్టేరా నాయినా. వానలొచ్చీదాకా ఇందులో కాపరం సేద్దాం. బాగుంటే అప్పుడు తియ్యి డబ్బు. గుడ్డే గదా అని ఎవలూ ఎత్తుకుని దూరకూడదు. గోడంటే గోడే."

ఆ నియమం నాకూ వీధి పిల్లలకీ పండగైపోయింది. పొరపాటున ఎవరైనా చీర ఎత్తితే "గోడ పగలగొట్టేసినావ్!" అని అరిచేవాళ్ళం. పెద్దవాళ్ళకి మాత్రం తల ప్రాణం తోకకి వచ్చింది. సందు మూసుకుపోయింది కాబట్టి, పెరట్లో పెట్టే సైకిల్ని నాన్న ముందుగదిలోంచి, వంటింట్లోంచి, అమ్మ గిన్నెల మీంచి మోసుకుని పోవలసి వచ్చింది. అత్త దగ్గరికి వచ్చేవాళ్ళు ఇదివరకటిలాగే నాన్న మంచం పక్కనుంచే నడవాల్సి వచ్చేది. గది కొత్తది, ఇబ్బంది పాతదే. అమ్మ మాత్రం ఏమీ అనకుండా పట్టపగలు చీకట్లో వంట చేస్తూ, పొగకి కళ్ళు తుడుచుకుంటూ ఉండేది.

ఇంతలో ఒక ఆదివారం వచ్చింది. చర్చి నుంచి వచ్చాక అమ్మ చేపల పులుసు చేసింది. మామ్మ కావాలనే నాన్నకి వంటింట్లోనే పీట వేయించింది. దీపం వెలిగించబోతే వద్దని అమ్మ చెయ్యి పట్టుకుంది. నాన్న నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, ముల్లు గొంతులో దిగబడింది. ఇక చూడాలి ఆ హడావిడి! మామ్మ వట్టి అన్నం ముద్ద చేసి మింగించింది. ముల్లు దిగాక నాన్న కళ్ళనీళ్ళతో లేచాడు.

"దీపం ఎట్టొచ్చు గదా! మనిషిని సంపేత్తారేటి?"

"మిట్టమజ్జానం దీపమేటిరా? నీ గది లేసినాక రోజూ ఇంతే. నీకు ఒక్క పూటకే ముల్లు దిగింది. నీ పెళ్ళాం ఇన్నాళ్ళబట్టీ ఇందులోనే వండతంది."

నాన్న గోనెపట్టా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు. అమ్మ గరిటె కింద పెట్టి, "నానేటి సెప్తానండీ? ఆడపడుచు గదికి అడ్డం పడ్డాదంటారు" అంది.

గుమ్మంలో ఉన్న అత్త ఆ మాట విని లోపలికి వచ్చింది. తన కోసం వదిన వంటిల్లు చీకటి చేస్తున్నారని ఆవిడా మొదటి రోజు నుంచి చూస్తూనే ఉంది. చీటీ డబ్బంతా తన మీదే పోస్తున్నారని కుమిలిపోతూ ఉంది. అన్నయ్య అంత ప్రేమగా కడుతుంటే ఈ గది వద్దని ఎలా అంటుంది? అందుకే పెట్టె తాళం తియ్యకుండా, వానలు రాకముందే వెళ్ళిపోవాలని ఎదురుచూస్తూ ఉంది. అమ్మా అత్తా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎందుకో తెలియకుండా నేనూ ఏడ్చాను.

మామ్మ ఎవరినీ ఓదార్చలేదు. అత్త ముందు పీట వేసుకుని కూర్చుని, "నీకేటి కావాలే?" అని అడిగింది.

అప్పటికి ఎన్ని రోజులుగా ఆ గది గురించి మాట్లాడుకున్నామో! ఇటుక ఎక్కడ మంచిదో అడిగాం, ఇసక ఎవరు తోలతారో అడిగాం. ఆ గదిలో ఉండబోయే మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. చెల్లెల్ని ఖర్చు మాటల్లోకి లాగకూడదనే మంచి మనసుతోనే నాన్న పప్పులో కాలేశాడు.

అత్త ముక్కు చీదుకుని, చెంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నాకు పెద్ద గదొద్దు అన్నయ్యా. మిషనూ మంచం పడితే సాలు. శ్లాబూ వొద్దు. తలుపు మాత్రం ఈదివేపు ఎట్టించు. నా దగ్గిరకొచ్చినోలు నీ నిద్దర మీంచి నడవకూడదు. నాను పగలంతా కుట్టుకుంతాను. ఇంటికి నా వాటా నానిత్తాను."

నాన్న వెంటనే బయటికి వెళ్ళి తాడు ముడి విప్పాడు. వంటింటి కిటికీకి బాగా ఇవతలే కర్ర పాతి, తాడు మళ్ళీ కట్టాడు. గోనెపట్టా ఊడదీయగానే వంటింట్లోకి వెలుతురు పడింది. ఆ వెలుతుర్లో అమ్మ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. వీధివైపు చీరని మధ్యకి చీల్చి తలుపు చేసింది అత్త. ఆ మర్నాడే ఒకావిడ ఆ చీలికలోంచి వచ్చి జాకెట్టు గుడ్డ ఇచ్చి వెళ్ళింది. గురక పెడుతున్న నాన్నకి అది తెలియనే లేదు.

ఇక లెక్కలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి మామ్మ ముందుగా పిడికెడు తీసి పక్కన పెట్టించింది. శ్లాబు పోయి పెంకు వచ్చింది, అలమరాలు పోయి ఒక చెక్క బల్ల వచ్చింది, పక్కింటి కప్పు నుంచి కారే వాననీటికి ఒక తూము చేరింది. పునాది తవ్వుతుంటే ఏం తగిలిందో తెలుసా? బండ! మా వైపు నేల సంగతే అంత, గునపం వెయ్యగానే కొండ పలుకుతుంది. దాన్ని కొట్టించడానికి మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. నాన్న మొహం పాలిపోయింది. మామ్మ మాత్రం పిడికెడు తీసి ఆయన చేతిలో పెట్టి, ఏమీ ఎరగనట్టు చుట్ట ముట్టించింది. శ్లాబుకి తగ్గ లోతు తవ్వి ఉంటే ఆ బండే మా గదిని మింగేసేది.

తొలి వాన పడిన రోజు అత్త కొత్త గదిలో ట్రంకుపెట్టె తాళం తీసింది. చీరలన్నీ బయటికి తీసి బల్ల మీద సర్దుకుంటుంటే, నేను ఆ ఖాళీ పెట్టెలో ఎక్కి కూర్చున్నాను. ఇక ఎక్కడికీ వెళ్ళదు కదా అని అడిగాను. ఎక్కడికెళ్తానే అని నా బుగ్గ గిల్లింది. వెళ్ళలేదు కూడా. నా పెళ్ళి జాకెట్టు ఆ గదిలోనే కుట్టింది.

ఈ మధ్య పెందుర్తిలో మా అబ్బాయి తన ఇంటి పక్కన గది వేస్తానన్నాడు. మా కోడలి తల్లి ఇక మా దగ్గరే ఉండబోతోంది. ఫోన్లో లెక్కలన్నీ వేసి చూపించాడు. పిడికెడు కూడా ముందే తీశాడు, అంతవరకు నా పెంపకానికి ఢోకా లేదు. "మీ అత్త గదిలాగే వీధివైపు తలుపు పెట్టిస్తున్నానమ్మా, ఆవిడకి స్వేచ్ఛగా ఉంటుంది" అన్నాడు గర్వంగా. నేను మాట్లాడకుండా లోపలికి వెళ్ళి పాత చీరలు తెచ్చాను. ఇంటి పక్కన తాళ్ళు కట్టి చీరలు వేలాడదీస్తే, ఫంక్షనేమిటని కాలనీవాళ్ళు అడిగారు. ఆ చీరల మధ్య కుర్చీ వేసి మా వియ్యపురాలిని కూర్చోబెట్టాను. ఎదురుగా నేను కూర్చున్నాను.

"వదినగారూ, మీకేం కావాలి?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. అల్లుడు కట్టే గది గురించి తను చెప్పడమేమిటని కాసేపు నసిగింది. నేను కదల్లేదు. చివరికి నోరు విప్పింది.

"తగరపువలస సంతలో కొట్టెట్టుకుని ఈదికేసి కూసునే బతికినాను వదినగారూ. ఈది సూసింది సాలు. ఆ తలుపు వంటింటివేపు ఎట్టించండి. మీరూ మా అమ్మాయీ కూర కాడ దెబ్బలాడుకుంతంటే నానూ ఇనాల."

మా అబ్బాయి తెల్లబోయి నా వైపు చూశాడు. వాడు చిన్నప్పటి నుంచీ విన్న కథలో తలుపు ఒక్కటే గుర్తు పెట్టుకున్నాడు, పాపం. నేను గుర్తు పెట్టుకున్నది మామ్మ పీట వేసుకుని అత్త ముందు కూర్చోవడం. లేచి వెళ్ళి, వీధివైపు చీర మూసేసి, వంటింటివైపు చీర పక్కకి జరిపాను. లోపల మా కోడలు పోపు పెడుతోంది. ఆ ఘాటుకి మా వదినగారు గట్టిగా తుమ్మి, కుర్చీ అటువైపు తిప్పుకుంది.