పళ్లెం అవతలి అక్షరాలు

పోయిన వారం పంజాగుట్టలో కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లాను. బల్ల అవతల కూర్చున్న అమ్మాయి రసీదు కాగితం తనవైపు పెట్టుకుని నా పేరడిగింది. నా పేరు కాస్త పొడుగు, రెండుసార్లు చెప్పినా తప్పే రాసింది. మూడోసారి చెప్పే ఓపిక లేక, పెన్ను పుచ్చుకుని కాగితం తిప్పకుండానే రాసేశాను. ఆమెకు నేరుగా కనబడేట్టు, అంటే నా వైపు నుంచి చూస్తే తలకిందులుగా అన్నమాట. ఆ పిల్ల నోరు తెరిచి, "అయ్యో అమ్మా, ఇట్లెట్ల రాసిండ్రు? ఇంకొక్కసారి రాయుండ్రి, మా సార్‌కు చూపిస్త" అంది. మళ్లీ రాశాను. సారుగారు కూడా వచ్చి చూసి, కళ్లజోడు మీద యాభై రూపాయలు తగ్గించారు. ఆ విద్య నాకెలా అబ్బిందో వాళ్లకి చెప్పలేదు. చెప్పాలంటే అమీర్‌పేటలో మా పాత పోర్షను దగ్గర మొదలుపెట్టాలి, అక్కడ వెనక వాళ్లు ఇద్దరు బేరానికి కాచుకుని ఉన్నారు.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులవి. అమీర్‌పేటలో మేమున్న సందులోంచి మెయిన్ రోడ్డు మీదకి అడుగుపెడితే చాలు, చేతిలో పది కాగితాలు పడేవి. జావా అట, ఒరాకిల్ అట, నలభై రోజుల్లో నేర్పి పంపేస్తారట. మా తోడికోడలు డిగ్రీ చదివిన పిల్ల, చురుకైనది. మరిది ఉద్యోగం చెన్నైలో కావడంతో, కోర్సు నేర్చుకుందామని పాపని తీసుకుని మా దగ్గరికి వచ్చింది. పాపకి మూడున్నరేళ్లు. పొద్దున తొమ్మిదింటికి తోడికోడలు పుస్తకాలు పట్టుకుని వెళ్లిపోతే, మళ్లీ చీకటి పడేదాకా పాపా నేనూ. నాకు పిల్లలు లేరు. ఆ మాట ఏనాడూ దేవుడికి ఫిర్యాదుగా చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే పాపతో గడిపిన ఆ పది నెలలు చూపించి నా నోరు మూయించి ఉండేవాడు.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం బాగా ఎక్కువగా ఉండేది, బడికి వెళితే దుమ్ముకి పడదని మా నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా వేలు తన వేళ్లతో పట్టుకుని, పళ్లెంలో పోసిన బియ్యంలో అక్షరాలు దిద్దించారు. చదవడం వచ్చింది, రాయడం వచ్చింది, రోజూ కాసేపు స్తోత్రాలు చదువుకునేంత భాగ్యం వచ్చింది. నాన్నకి ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక, పాపకి నేర్పుతానని నేనే అన్నాను. తోడికోడలు సంతోషంగా ఒప్పుకుంది. వాళ్లమ్మ మాత్రం ఫోన్లో, "బడి గుమ్మం తొక్కని మనిషికి పిల్లనప్పజెప్పి నువ్వు కోర్సులు చేస్తావా?" అందట. అట అనడమెందుకు, ఫోను హాల్లోనే ఉండేది, ఆవిడ గొంతు వంటింటిదాకా వినబడేది.

మా వంటిల్లే మా బడి. నేను కత్తిపీట ముందేసుకుని కూరలు తరుగుతూ ఉండేదాన్ని. కత్తి దగ్గరికి పాప రాకూడదు కదా, అందుకని మా ఇద్దరి మధ్యా ఇత్తడి పళ్లెం పెట్టి, అందులో బియ్యపు రవ్వ పోసి, పాపని ఆ అవతల గోడకి ఆనించి కూర్చోబెట్టేదాన్ని. బెండకాయ తొడిమ కోసి కుంకుమనీళ్లలో ముంచిస్తే పాత క్యాలెండరు వెనక వరసగా పువ్వులు అద్దేది. శనగలూ పెసలూ కలిపేసి ఇస్తే గంటసేపు నోరు విప్పకుండా వేరుచేసేది. తోడికోడలు రోజూ తెచ్చే పచ్చా గులాబీ రంగుల కోర్సు కాగితాలు మాకు పెద్ద ఆస్తి. మైదాపిండి ఉడికించి జిగురు కాచేదాన్ని, పాప ఆ కాగితాలు చింపి గొలుసులు అతికించేది. అలా అతికించిన దండ ఒకటి దేవుడి గూటికి కట్టాం. మావారు పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ చదివి, "వినాయకుడికి సీ ప్లస్ ప్లస్ అయిపోయింది, ఒరాకిల్‌లోకి వచ్చాడన్నమాట. ప్లేస్‌మెంటు గ్యారంటీయా?" అన్నారు. పాప, "స్వామికి మేస్తిరీ నేనే పెదనాన్నా" అంది. ఎందుకందో ఇప్పటికీ తెలియదు.

ఇక అక్షరాలు. చెయ్యి చాపి నేను రవ్వలో 'అ' రాసేదాన్ని, పాప నా అక్షరం పక్కనే తనూ రాసేది. ఎంత ముద్దుగా, ఎంత తీరుగా రాసేదో! వంకాయ తరుగుతూ తలెత్తి చూస్తే నా రాత ఏదో తన రాత ఏదో తెలిసేది కాదు. ఆర్నెల్లలో గుణింతాల దాకా వచ్చేసింది. పలక మీద రాసి సాయంత్రం ఎదురుగా నిలబడి వాళ్లమ్మకి అందిస్తే, తోడికోడలు చదివి, "అక్కా, నీ చేతిలో ఏదో ఉంది" అనేది. నేను లోపలికెళ్లి దేవుడి ముందు నిలబడి, నా చేతిలో ఉన్నదేదో ఆయనదేనని చెప్పి వచ్చేదాన్ని. ఒకసారి బస్టాపులో బోర్డు చూసి పాప, "పెద్దమ్మా, ఇది తలకిందులుగా పెట్టేశారు" అంటే, పిచ్చితల్లి అని ముద్దుపెట్టుకున్నాను. అక్కడైనా నాకు బుర్ర వెలగలేదు.

వేసవి వచ్చేసరికి తోడికోడలికి ఉద్యోగం కాగితం వచ్చింది. పదిహేను రోజుల్లో చేరాలి. పాపకి పంజాగుట్టలో ఒక బళ్లో సీటు అడిగాం, పిల్లని పరీక్షించి తీసుకుంటామన్నారు. ముందు రోజు సాయంత్రం తోడికోడలు నా పక్కన కూర్చుని, "అక్కా, సీటు వస్తే చేరతాను. రాలేదనుకో, నా చదువు కోసం పిల్ల చదువు పాడుచేశానని అమ్మ అన్న మాట నిజమవుతుంది. ఉద్యోగం వదిలేసి పాపని పట్టుకుని చెన్నై వెళ్లిపోతా" అంది. ఆమె ఉద్యోగమూ పాప బడీ రెండూ నా రవ్వపళ్లెం మీద నిలబడ్డాయని నాకు అప్పుడే తెలిసింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు తెలంగాణ ఆవిడ, పెద్ద బొట్టు, తెల్లటి జుట్టు. మమ్మల్నిద్దర్నీ తలుపు దగ్గర బెంచీ మీద కూర్చోమని, పాపని బల్లకి ఎదురుగా కుర్చీ ఎక్కించుకున్నారు. కాగితమిచ్చి అమ్మ అని రాయమన్నారు. పాప రాసింది. ఆవిడ కూర్చున్న చోటినుంచే చూసి, "మస్తు రాసినవ్ బిడ్డా! ఏదీ, గా బోర్డు మీద పెద్దగ రాయి, మీ అమ్మ సుత చూస్తది" అన్నారు. పాప సుద్దముక్క పట్టుకుని బోర్డు కుడి చివరికి వెళ్లి నిలబడింది. అక్కణ్ణించి ఎడమ వైపుకి రాసుకుంటూ వచ్చింది. 'అ' తలమీద నిలబడి ఉంది. 'మ్మ' తలకట్టు కిందికి వేలాడుతోంది. ఒక్క వంకర లేదు, ఒక్క గీత తప్పలేదు, మొత్తం తలకిందులు.

నీళ్ల గ్లాసు తెచ్చిన ఆయా, "గిదేందమ్మా, పోరి కుడి దిక్కుకెళ్లి ఉర్దూ లెక్క రాస్తుంది!" అని నవ్వింది. తోడికోడలు నా వైపు చూడలేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారు లేచి వచ్చి, పాప ముందు గొంతుక్కూర్చుని, "ఎవలు నేర్పిండ్రు బిడ్డా?" అనడిగారు.

"పెద్దమ్మ."

"పెద్దమ్మ ఏడ కూసుంటది?"

"ఇక్కడ" అని పాప ఎదురుగా వేలుపెట్టి చూపించింది. "నేను ఇక్కడ. మధ్యలో పళ్లెం. పెద్దమ్మ దగ్గర కత్తి ఉంటుంది."

ఆవిడ నా వైపు తిరిగి, "అర్థమైందా అమ్మా? నువ్వు నీ దిక్కుకెళ్లి రాసినవ్, బిడ్డ తన దిక్కుకెళ్లి చూసి ఎట్లున్నది అట్ల దించింది. నీకు సక్కగ కనబడ్డది, ఆమెకు ఎట్ల కనబడ్తదో నువ్వు చూడలే" అన్నారు. నిదానంగానే అన్నారు. నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు కాబట్టి ఇద్దరం ఒకే వైపు నుంచి చూశాం, అక్షరానికి రెండో వైపు ఉంటుందన్న సంగతే నాకెన్నడూ తోచలేదు. "పిల్ల కండ్లు మంచిగున్నయ్. ఫికర్ చేయకుండ్రి. పది దినాలు టైమిస్త, సరిజేసి తీస్కరాండ్రి. అయితలేదంటే సీటు వేరేటోళ్లకు ఇయ్యాలె, మరి నేనేం జెయ్యలేను" అన్నారు ఆవిడ.

ఇంటికి ఆటోలో వస్తున్నంతసేపూ తోడికోడలు రోడ్డుకేసే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ, "రేపట్నించి నేను కూర్చోబెడతాలే అక్కా" అంది, అంతే.

పాపం, కూర్చోబెట్టింది. పక్కన కూర్చుని పలక మీద రాయించబోయింది. "ఇది తిరగబడింది" అంటుంది పాప. "ఇదే సరైనది" అంటుంది తల్లి. మూడో రోజుకి పలక అటు విసిరేసి, "పెద్దమ్మ ఎదురుగా కూర్చోవాలి. పక్కన కూర్చుంటే మొహం కనపడట్లేదు" అని ఏడుపు. నేను ఒళ్లోకి తీసుకుని చూశాను. నాన్నలాగ వేలు పట్టుకున్నాను. వేలు బిగబట్టేసింది. నాలుగో రోజుకి రవ్వపళ్లెం తెస్తేనే మొహం తిప్పుకుంది. అప్పటిదాకా అక్షరాలంటే ఆట ఆ పిల్లకి. దాన్ని నేనే పాడుచేశానన్న బాధ, సీటు పోతుందన్న భయం కన్నా ఎక్కువగా నలిపేసింది.

అయిదో రోజు తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. మా పోర్షను వాకిలంటే ఏమంత ఉంది, మెట్లదారిలో నాలుగు గచ్చుపలకలు. నాలుగు వైపులా నాలుగు తామరలు వేస్తూ, కిందవైపు తామరకి రాగానే చెయ్యి దానంతటదే తిరిగి, రేకులు నా వైపుకి వేలాడుతున్నట్టు వేసింది. చిన్నప్పటినుంచీ నాలుగు దిక్కులనుంచీ ముగ్గులు వేస్తున్న చెయ్యి. ముగ్గుకి ఏ వైపైనా ఒకటే అయినప్పుడు అక్షరానికి ఎందుకు కాదు? డబ్బాలోంచి ముగ్గుపిండి తీసి, ఆ పక్కనే, ఎదురింటివాళ్లకి నేరుగా కనబడేట్టు 'అ' వేశాను. వంకరొచ్చింది. తుడిచి మళ్లీ వేశాను. సూర్యుడొచ్చేసరికి మెట్లదారంతా అక్షరాలే. పాలు పోయడానికొచ్చినతను ఎక్కడ కాలు పెట్టాలో తెలియక, "అమ్మా, సరస్వతి పూజనా?" అన్నాడు. "అలాంటిదే నాయనా, గోడ పక్కనించి రా" అన్నాను. ఆవేళ దీపం పెడుతున్నప్పుడు మా అమ్మవారిని ఏమీ అడగలేదు, చెయ్యి తిప్పినందుకు దణ్ణం మాత్రం పెట్టాను.

మధ్యాహ్నం కత్తిపీట వేసుకుని, మామూలుగా ఎదురుగా కూర్చున్నాను. పాపని పిలవలేదు. పళ్లెంలో రవ్వ పోసి నాపాటికి నేను, అటువైపుకి నేరుగా రాయడం మొదలుపెట్టాను. కాసేపటికి వచ్చి తొంగి చూసి, "పెద్దమ్మా, నువ్వు తప్పు రాస్తున్నావు" అంది.

"అవునే తల్లీ. ఇన్నాళ్లూ నా వైపు రాసుకున్నాను. ఇవాళ నీ వైపు రాస్తున్నాను. నాకేమో సరిగ్గా రావడంలేదు."

పాప ఆలోచించింది. అటొచ్చి నా పక్కన నిలబడి చూసింది. మళ్లీ అవతలికి వెళ్లి చూసింది. తర్వాత రెండు చేతులతో పళ్లెం అంచు పట్టుకుని బండిచక్రంలా సగం తిప్పింది. "ఇప్పుడు నీ వైపు." మళ్లీ తిప్పింది. "ఇప్పుడు నా వైపు!" ఇంక చూడండి, రవ్వంతా వంటిల్లంతా పోసింది, పకపకా నవ్వింది. రెండు రోజులు నేను రాయడం, తను తిప్పడం, తను రాయడం, నేను తిప్పడం. మూడో రోజు తిప్పే పని లేకుండానే రెండు వైపులా రాసేసింది. తోడికోడలు అంతా గుమ్మంలో నిలబడి చూసి, వచ్చి నా ముందునుంచి కత్తిపీట లాక్కుని, ఎన్నడూ అలవాటు లేని పిల్ల, దొండకాయలు తరగడం మొదలుపెట్టింది. "అమ్మకి ఫోన్ చేశా అక్కా" అంది తలొంచుకునే.

"ఏమంది?"

"ఆవిడని చెప్పనిచ్చానా! నేనే చెప్పాను. బళ్లో చదువుకున్నవాళ్లు ఒక్కవైపు నుంచే రాస్తారు, మా అక్క రెండు వైపులనుంచీ రాస్తుందని." ఆ దొండకాయ ముక్కలు ఒకటి వేలంత, ఒకటి గోరంత ఉన్నాయి. అలాగే వండాను. అంత రుచిగా నేనెన్నడూ వండలేదు.

పదో రోజు మళ్లీ ఆ బల్ల దగ్గర పాపని కుర్చీ ఎక్కించారు. హెడ్‌మిస్ట్రెస్ గారు కాగితం ముందుకు తోసి, పేరు రాయమన్నారు. పాప పెన్సిల్ పట్టుకుని, ఆవిడ మొహంలోకి చూసి, ఎంతో మర్యాదగా, "మీ వైపు రాయాలా, నా వైపు రాయాలా అండీ?" అనడిగింది. ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. "రెండు దిక్కులా రాయి బిడ్డా. నా సర్వీసుల గిట్లడిగిన పిల్లను నేను చూడలే." పాప రాసింది. సీటిచ్చారు. తోడికోడలు ఆ సోమవారమే ఉద్యోగంలో చేరింది. ఆ హెడ్‌మిస్ట్రెస్ గారు ఇప్పుడెక్కడున్నారో తెలియదు. అయినా ఆవిడ పేరు నా ఉదయం దణ్ణాల్లో నాన్న పేరు తర్వాత ఉంటుంది.

బడి తెరిచిన రోజు పాపని దింపింది నేనే. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. పిల్లలంతా చిన్న చిన్న బెంచీల మీద పక్కపక్కన, అందరూ ఒకే వైపు బోర్డుకేసి తిరిగి కూర్చున్నారు. పాప రెండు జడలూ, వాటికి నేను కట్టిన ఎర్ర రిబ్బన్లూ కనబడుతున్నాయి గానీ మొహం కనపడటంలేదు. ఆ వీపుకేసే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. పిల్లలు మనకెదురుగా కూర్చుని మన మొహంలోకి చూసే రోజులు చాలా కొన్ని, ఆ తర్వాత కాలం వాళ్లని ముందుకి తిప్పి కూర్చోబెడుతుంది. అలా కూర్చోవాలనే కదా మనం నేర్పింది.