ట్రాక్టరు మూతకు పెట్టిన పసుపు

మొన్న దసరాకు పది రోజుల ముందు మా మేనల్లుడు నంద్యాలకు కారు పంపించి మరీ నన్ను ఆళ్ళగడ్డకు పిలిపించుకున్నాడు. వాళ్ళ నాయన, అంటే చనిపోయిన మా బావ, కొన్న మొట్టమొదటి ట్రాక్టరును కొట్టంలోంచి బయటికి లాగి బాగుచేయిస్తున్నానని, మామ చేయి పడితేనే అది పలుకుతుందని ఫోనులో ఒకటే పొగడ్త. ముప్పై ఏళ్ళకు పైగా కోళ్ళు గుడ్లు పెట్టుకున్న బండి అది. పోయి చూద్దును గదా, ఎర్రరంగు నిగనిగలాడుతోంది, బానెట్టు మీద బావ పేరు బంగారు అక్షరాల్లో మెరుస్తోంది, చక్రాల నట్లకు వెండిరంగు, ఆఖరికి గ్రీసు ఎక్కించే రంధ్రాల మీద కూడా రంగే! గ్రీసు పోయే దారి మూసేసి సింగారించినవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. పైన పటారం, లోన లొటారం. ఇంజను మాత్రం కిక్కురుమనడం లేదు.

మేనల్లుడి ఆలోచన ఏమిటంటే, పండుగలోగా స్టార్టయితే ఊరేగింపులో నడిపించడం, కాకపోతే ఇంజను ఊడదీసి పాత ఇనుముకు వేసేసి, మిగిలిన డొల్లను తన ఫంక్షన్ హాలు ముందు సిమెంటు దిమ్మె మీద నిలబెట్టడం. పెళ్ళికి వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నంద్యాల షెడ్డులో మేస్త్రీ దగ్గర అక్షరాలు దిద్దుకున్నా, నేను పని నేర్చుకున్నది ఈ ఇంజను మీదే. దాన్ని తూకానికి వేస్తే నా నలభై ఏళ్ళ పనితనాన్నీ అదే తక్కెట్లో పడేసినట్టే.

అక్కడ ఇద్దరు మెకానిక్కులున్నారు. ఒకడు సెల్ఫు కొడుతుంటే ఇంకొకడు ఫోనులో వీడియో చూసి ఏం చేయాలో చెబుతున్నాడు. బ్యాటరీ ఏడుస్తోంది, సెల్ఫు మోటారు కాలి వాసన వస్తోంది, అయినా కొడుతూనే ఉన్నారు. ఎయిరు తీశారా నాయనా అని అడిగితే, అదేమిటో మాకు తెలియదని ఫోనులో వెతకబోయారు. ఏళ్ళ తరబడి నిలబడిన బండి గొట్టాల్లో డీజిలుకు బదులు గాలి కూర్చుంటుందని, పంపు దగ్గర మర వదులు చేసి నురగ పోయి తేట డీజిలు వచ్చేదాకా చేత్తో కొట్టాలని మన కాలంలో పశువులు కాచేవాడికి కూడా తెలుసు. మీరూ నా ఈడువాళ్ళే అయితే ఆ నురగ వాసన మీకు ఇంకా గుర్తుండే ఉంటుంది. పానా నేనే అందుకుని, వీళ్ళ చదువులను నాలుగు మాటలని, గంటసేపు ఎయిరు తీశాను. ఆ తర్వాత ఒక్క దెబ్బకు అందుకుంది. ఆ చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

కానీ వాకిలి దాటి రోడ్డెక్కిందో లేదో, మూలిగి ఆగిపోయింది. ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూశారు, డీజిలు నిండుగా ఉంది. మూత పెట్టి కొడితే స్టార్టయింది, ఫర్లాంగు పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ పుల్ల, మళ్ళీ మూత, మళ్ళీ అదే తంతు. ఇంజను ఊడదీయడానికి క్రేను వాణ్ణి రమ్మంటానని మేనల్లుడు నసగడం మొదలుపెట్టాడు. మూడోసారి మూత నేనే తిప్పాను. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. అప్పుడు అర్థమైంది. డీజిలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి, అందుకోసం మూతలో సూదిమొన అంత బెజ్జం ఉంటుంది. పుల్ల ముంచడానికి మూత తీసినప్పుడల్లా గాలి చొరబడుతోంది, బండి కాసేపు నడుస్తోంది. ఆ బెజ్జం రంగుతో మూసుకుపోయింది. ఇంకేం, రంగు వేసినవాణ్ణి పిలిపించి, బండికి ముక్కు మూసి బొట్టు పెట్టినావు గదరా అని పదిమందిలో కడిగేశాను. నవ్వినవాళ్ళు నవ్వారు. వాడు తల వంచుకుని నిలబడ్డాడు.

తర్వాత సూది తీసుకుని బెజ్జం గీకసాగాను. ఎర్రరంగు పొరలా లేచిపోయింది. దాని అడుగున రాయిలా గట్టిపడ్డ పచ్చటి ముద్ద ఉంది. పసుపు. సూది అలాగే ఆగిపోయింది, ఎందుకంటే ఆ పసుపు పెట్టింది నేనే.

ఈ బండి కొట్టంలో పడకముందు దీన్ని తోలేవాడు గోస్పాడు నుంచి వచ్చిన డ్రైవరన్న. క్రైస్తవుల ఇంటివాడు. ఆయుధ పూజ నాడు తెల్లవారకముందే లేచి బండిని అద్దంలా కడిగి, పూజ మొదలయ్యేసరికి పక్కకు తప్పుకుని చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఏళ్ళ తరబడి ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. ఆ ఏడాది నేను షెడ్డులో నేర్చుకున్న నాలుగు ముక్కలతో, నలభై ముక్కల పొగరుతో పండుగకు దిగాను. నిమ్మకాయంత పసుపు ముద్ద చేసి, ట్యాంకు మూతకు అదిమి, దాని మీద కుంకుమ పెట్టాను. మర్నాటి నుంచి బండి దారిలో ఆగిపోవడం మొదలైంది. నంద్యాల మార్కెట్టుకు వేరుశనగ వేసుకుపోతే నాలుగు చోట్ల ఆగింది. నేను నాజిళ్ళు విప్పాను, ఫిల్టర్లు మార్చాను, నాకు చిక్కలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నాకు దోషం దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఇంట్లో ఎవరో, పూజకు నిలబడని మనిషి తోలితే బండి ఎందుకు నడుస్తుందని అన్నారు. అది తలా తోకా లేని మాటని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆయన చేతిలోనే ఆగుతోంది బావా అని నేను వంత పాడాను. మర్నాడు బావ ఆయన్ను రావద్దన్నాడు. పోనీ, తర్వాతైనా బండి బాగుపడిందా అంటే అదీ లేదు, ఆరు నెలలకు కొత్త ట్రాక్టరు వచ్చింది, ఇది కొట్టంలోకి పోయింది.

ఆ పసుపు కూడా గీకేశాక బండి మళ్ళీ ఆగలేదు. ఇంజను మిగిలిందని అందరూ నాకు దండ వేస్తుంటే మూతి తుడుచుకుని నవ్వాను. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు, నాకు తెలిసింది కూడా, అయినా నవ్వాను. రెండు రోజులకు ఉండబట్టలేక గోస్పాడు పోయాను. డ్రైవరన్న టీచరుద్యోగం చేస్తున్న కూతురి ఇంట్లో ఉన్నాడు. ఎనభై దాటాయి, నన్ను గొంతుతోనే గుర్తుపట్టాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఆ పొద్దే తెలుసప్పా నాకు" అన్నాడు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా అని అడిగాను.

"యాడ వింటివి నువ్వు? నేను మూత వదులు చేసుకొని తోల్తాంటే, డీజిలు కారిపోతాందని తిట్టి నువ్వే గదా గట్టిగా బిగిస్తివి. పసుపు గీకేద్దామంటే, నా చేత్తో గీకితే ఊరుకుందురా మీరు?"

మూత నేను బిగించిన సంగతే నాకు గుర్తు లేదు. నన్ను క్షమించన్నా అన్నాను. మా దగ్గర పని పోయాక ఆయన ఇరవై ఏళ్ళు ఇటుకల బట్టీలో కూలికి పోయాడని, మళ్ళీ ఎవరూ బండి చేతికివ్వలేదని, కూతురు టీ ఇస్తూ చెప్పింది. ఊరేగింపుకు వచ్చి ఒక్కసారి తోలమని బతిమాలాను. మోకాళ్ళు క్లచ్చు తొక్కనీయవప్పా అన్నాడు.

ఇప్పటివాళ్ళకు పని రాదని నేను రోజూ నోరు పారేసుకుంటూ ఉంటాను. ఆ ఇద్దరు మెకానిక్కులూ ఏమీ తెలియనివాళ్ళే, కానీ తెలియదని పదిమంది ముందు ఒప్పుకుని ఫోను తీసి చూసుకున్నారు. మా కాలంలో మాకు తెలియదని చెప్పుకోవడం నామోషీ. ఆ నామోషీకి నేను ఖర్చు పెట్టింది నా బతుకును కాదు, ఇంకొకరి బతుకును.