సుభద్ర ఆంటీకి డై పడదు

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేనైతే నా నాలుక ఆడించి ఒకావిడ కంటి ఆపరేషన్నే ఊడగొట్టబోయాను. ఎలాగో చెప్తా, తిట్టుకోకుండా వినండి.

అప్పుడు న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మాస్టర్స్ చేస్తున్నా. కింది అపార్ట్‌మెంట్‌లో సుభద్ర ఆంటీ ఉండేది. ఆవిడ పంపే పప్పుచారు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగేస్తుంది. అంకుల్‌కి ఎక్కడో కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో కాంట్రాక్ట్ జాబ్ వచ్చింది. అది ఎన్నాళ్లుంటుందో తెలీక ఆంటీ ఇక్కడే ఉండిపోయింది.

ఇంతలో ఆవిడ ఒక కంటి రెటీనా నడిమధ్యలో చిల్లు పడింది. రెండో కన్ను ఎప్పట్నుంచో అంతంతమాత్రమే. వీడియో కాల్‌లో అంకుల్ చెవులు కనపడేవి, ముఖం ఉండాల్సిన చోట మసక.

"ఉత్త చెవులతో ఎన్నాళ్లు కాపురం చేస్తానే?" అని నవ్వేది. నవ్వు ఆగేలోపే కళ్లు నిండేవి. "ఆయన ముఖం ఒక్కసారి తిన్నగా చూస్తే చాలమ్మా."

ఆపరేషన్ రోజు, ఆంటీకి ఇంగ్లీషు రాదని నర్స్ తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ని ఫోన్‌లో కలుపుతానంది.

"ఎందుకండీ, నేనున్నాగా!" అన్నాను, రెండు భాషలూ చున్నీకి ముడేసుకుని తిరుగుతున్నట్టు.

డాక్టర్ వివరంగా చెప్పాడు. చిల్లు చుట్టూ ఉన్న పొర గాజులా ఉంటుంది, కంటికి ఆనదు. కాస్త నీలం డై వేస్తే రంగు పట్టి కనపడుతుంది, అప్పుడు ఒలిచేస్తారు. డై మోతాదు మించినా, ఎక్కువసేపు ఉన్నా రెటీనాకి మంచిది కాదు. అందుకే కొంచెమే వేసి వెంటనే కడిగేస్తారు. "ఇదివరకు ఏ డైతోనైనా రియాక్షన్ వచ్చిందా?"

ఇంత పురాణాన్ని నేను ఒక్క ముక్కలో తేల్చేశాను. "ఆంటీ, మీకు డై పడుతుందా?"

"అయ్యో, అస్సలు పడదే! ఒకసారి ముఖమంతా బూరెలా పొంగింది."

చెప్పాను. డాక్టర్ ముఖంలో రంగులు మారాయి. "అన్నీ ఆపండి! ఆ డై ఏ రంగు?"

"నలుపు," అంది ఆంటీ.

"నలుపా? ఎక్కడ వేశారు?"

"తలకి."

"తలలోకా! ఎవరు వేశారు?"

"ఇంకెవరు, మీ అంకులే. వంటింట్లో కుర్చీ వేసి, బ్రష్‌తో."

"వాళ్లాయన. కిచెన్‌లో. బ్రష్‌తో," అని చిలకలా అప్పజెప్పాక గానీ నా బుర్ర వెలగలేదు!

నర్స్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆంటీ మాత్రం ఎటో చూస్తోంది. "వాపు తగ్గేదాకా పక్కనించి కదల్లేదే, పాపం. పాయపాయా తీసి ఎంత మెల్లగా వేసేవారో..."

ఈ మాట అనువదించమని ఎవరూ అడగలేదు.

డాక్టర్ వెంటనే ఇంటర్‌ప్రిటర్‌కి ఫోన్ కలిపించి, మొదట్నుంచీ మళ్లీ అడిగించాడు. జుట్టుకేసే డై వేరు, కంటికేసేది వేరు, అయినా రాసుకుంటానన్నాడు. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశాడు.

చిల్లు పూడేదాకా డాక్టర్ చెప్పిన బోర్లా పడుకోవడాలు అయిపోయి, చూపు తేరుకున్నాక అంకుల్ వచ్చారు. ఆంటీ తలుపు తీసి ఆయన ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయింది. వెనక నేను టిష్యూల డబ్బాతో రెడీ.

"మీసం ఎప్పుడు తీసేశారండీ?"

"చాన్నాళ్లయింది. నువ్వేమీ అనకపోతే నచ్చిందనుకున్నా."

"కనపడి ఏడిస్తే కదా!" అని ఆయన పైపెదవి తడిమి, భోరుమంది. "పెంచండి మళ్లీ. నేను చూస్తుండగా పెంచండి."

నా ఇంగ్లీషు మీద, అంతకన్నా నా తెలుగు మీద ఒట్టు! ఇకమీదట ఆస్పత్రిలో నేను నోరు తెరిచేది డాక్టర్ "ఆ" అనమన్నప్పుడే.