అంతర్జాతీయ నటికి మా వాళ్ళు చేసిన సన్మానం

ఇన్నేళ్ళయినా ఆ ఉగాది సభ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు అక్కడున్న వాళ్ళెవరైనా ఇప్పుడు ఎదురుపడితే, "అయ్యో, అదేదో చిన్న పొరపాటు, ఎప్పుడో మర్చిపోయాం" అంటారు. మర్చిపోతారు మరి, మాట పడ్డది వాళ్ళు కాదుగా.

అప్పట్లో మేం బ్రిస్బేన్‌లో, సన్నీబ్యాంక్‌లో ఒక అపార్ట్‌మెంటు యూనిట్‌లో ఉండేవాళ్ళం. వైటూకే కంప్యూటర్ గండం పుణ్యమా అని మా ఆయనకు కాంట్రాక్టు దొరికింది. నేను హైదరాబాదులో డబ్బింగ్ చెప్పేదాన్ని. టీవీ సీరియళ్ళలో ఏడ్చే కోడళ్ళకూ ఏడిపించే అత్తలకూ నా గొంతే. ఇక్కడికొచ్చాక ఆ గొంతుతో నేను చేసే పనల్లా మా ఆయన్ని అన్నానికి పిలవడం. పగలంతా గోడలు చూస్తూ ఉడికిపోయేదాన్ని.

కింది యూనిట్‌లో ఆవిడ ఉండేది. యాభై దాటిన మనిషి, పొడగరి, మంచి నలుపు. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పని. పెరట్లో బట్టలారేసే చోట పరిచయమైంది. ఇద్దరికీ వచ్చింది అరకొర ఇంగ్లీషే అయినా మాటలకు కొదవ ఉండేది కాదు. నేను డబ్బింగ్ చెప్పేదాన్నని తెలియగానే నన్ను లోపలికి లాక్కెళ్ళి వీసీఆర్‌లో ఒక క్యాసెట్ పెట్టింది. అందులో ఉన్నది ఆవిడే. బ్రెజిల్ టీవీలో రెండు దశాబ్దాలు నటించిన మనిషి!

ఆ రెండు దశాబ్దాల్లో ఆవిడకు ఇచ్చిన వేషం ఒక్కటే, పనిమనిషి. సీరియల్ మారుతుంది, ఇల్లు మారుతుంది, అమ్మగారు మారుతుంది, ఈవిడ చేతిలో కాఫీ ట్రే మాత్రం మారదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరో రచయిత ధైర్యం చేసి ఆవిడకు జడ్జి పాత్ర రాశాడు. వాళ్ళ దేశంలో సీరియల్ ఒక పక్క ప్రసారమవుతూ ఉంటే ఇంకో పక్క రాస్తూ ఉంటారట. జనానికి నచ్చకపోతే కథ అక్కడికక్కడే మార్చేస్తారు. పనిమనిషిని జడ్జిని చేశారేమిటని జనం గొడవ చేశారు. అంతే, జడ్జిగారు కారు ప్రమాదంలో పోయింది. తన శవపేటికలో తనే పడుకుని ఆ సీను చేసి, మర్నాటి నుంచి మళ్ళీ ట్రే పట్టుకోనని చెప్పేసిందట. తర్వాత ఒక ఆస్ట్రేలియా ఓడ ఇంజనీరును పెళ్ళి చేసుకుని ఇటొచ్చింది. ఆయన పోయాడు, ఈవిడ మిగిలింది.

ఇక్కడా ప్రయత్నించకపోలేదు. ఆడిషన్‌కు వెళితే, యాస బాగాలేదు, ఆస్పత్రి సీరియల్‌లో నేల తుడిచే వేషం ఉంది, మాటలుండవు, చేస్తావా అన్నారట. "అది చేసేశాను" అని లేచి వచ్చేసిందట. ఆ మాట చెబుతూ ఆవిడ నవ్వింది కానీ, నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

కొత్త శతాబ్దం వచ్చింది. కంప్యూటర్లేవీ కూలిపోలేదు, మా ఆయన కాంట్రాక్టు మాత్రం పోయింది. మన తెలుగు సంఘం అధ్యక్షుడిది సొంత కన్సల్టెన్సీ. మా ఆయన ఆశలన్నీ ఆయన మీదే. ఒక ఆదివారం బార్బెక్యూ విందులో మాటల మధ్య మా ఆయన ఈవిడ సంగతి చెప్పాడు. అధ్యక్షుడు ఎగిరి గంతేశాడు. "బ్రెజిల్ టీవీ స్టారా! మన ఉగాదికి చీఫ్ గెస్టుగా తీసుకురండమ్మా, సన్మానం చేద్దాం. చిన్న ఐటెమ్ కూడా చేయించండి" అన్నాడు. కరపత్రంలో 'అంతర్జాతీయ నటి' అని పెద్ద అక్షరాలతో వేయించారు. ఫొటో అడగాలని మాత్రం ఒక్కడికీ తోచలేదు.

ఆవిడకు చెప్పగానే కుర్చీలో కూలబడిపోయింది. జనం ముందు నిలబడి ఎన్నేళ్ళయిందో! "ట్రే లేకుండానా?" అని అడిగింది. ట్రే లేకుండానే అన్నాను. నేను ఒకప్పుడు డబ్బింగ్ చెప్పిన ఒక తల్లి మాటలు నేర్పించాను. తప్పు చేసిన కొడుకును ఇంట్లోంచి వెళ్ళగొట్టే తల్లి, నిబ్బరమైన మనిషి. తెలుగులోనే చెబుతానని ఆవిడే పట్టుబట్టింది.

మా సీరియళ్ళలో తెలుగు రాని హీరోయిన్లకు కెమెరా పక్క నుంచి ఒకరు మాట అందిస్తారు. వాళ్ళు పెదాలు కదిపితే చాలు, గొంతు తర్వాత నాలాంటిది పెడుతుంది. ఈవిడకు అవేవీ అక్కర్లేకపోయాయి. కళ్ళు మూసుకుని రెండుసార్లు వినేది, మూడోసారి నా నిట్టూర్పుతో సహా తిరిగి చెప్పేసేది. చెబుతూ చెబుతూ నేను దగ్గితే ఆ దగ్గు కూడా వచ్చింది. ఆ మాటలు పట్టుకుని ఆవిడ వంట చేస్తూ, బస్సెక్కుతూ సాధన చేసింది.

సభ ఒక స్కూలు హాల్లో, సాయంత్రం పూట. తెల్ల చొక్కా, నల్ల స్కర్టు వేసుకుని, రాత్రంతా కూర్చుని చేసిన కొబ్బరి మిఠాయి ప్లేటు పట్టుకుని ఆవిడ మాతో వచ్చింది. గుమ్మంలోనే నన్ను మైకు పరీక్షించమని స్టేజి మీదికి పిలిచారు, యాంకర్ని నేనేగా. ప్లేటు వంటింట్లో పెట్టి వస్తానని ఆవిడ వెనక్కి వెళ్ళింది.

స్టేజి మీద సందడిలో కాసేపు పట్టించుకోలేదు. తీరా చూస్తే ముందు వరసలో ఆవిడ లేదు. వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాను. సింకు ముందు నిలబడి, మోచేతుల దాకా సబ్బు నురగతో, పులిహోర కలిపిన డేగిసా తోముతోంది.

"అదేంటి ఆంటీ, ఈవిడ మన చీఫ్ గెస్టు!" అన్నాను, వంటింటి పెత్తనం చేస్తున్న ఆంటీతో.

ఆంటీ మొహం మాడిపోయింది. "క్లీనింగ్ ఏజెన్సీ వాళ్ళు ఒక లేడీని పంపిస్తామన్నారమ్మా. బ్యాక్ డోర్ నుంచి వస్తే ఈవిడే అనుకున్నాం. బ్రెజిల్ స్టారంటే మేం ఎవరో తెల్లగా..." అని మింగేసింది.

"నువ్వు చెప్పొచ్చుగా" అని ఆవిడ మీద అరిచాను, ఎవరి మీద అరవాలో తెలియక.

"చెప్పాను. యాక్ట్రెస్‌నని చెప్పాను. నవ్వి, ఈ పీచు ఇచ్చింది" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. కళ్ళు మాత్రం ఆంటీ మొహం మీదే ఉన్నాయి.

నేను తిన్నగా అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. "స్మాల్ మిస్‌అండర్‌స్టాండింగ్ అమ్మా, ఇప్పుడు సీన్ చెయ్యకండి. ఎలాగూ శాలువా కప్పుతున్నాంగా" అన్నాడు. వెనక నుంచి మా ఆయన నా చెయ్యి గిల్లాడు. ఉద్యోగం గుర్తొచ్చి పళ్ళు నూరుకుంటూ మైకు అందుకున్నాను.

శాలువా కప్పారు, దండ వేశారు. అధ్యక్షుడు సిగ్గూ ఎగ్గూ లేకుండా నా చేతిలో మైకు లాక్కుని, "ఇంత పెద్ద స్టార్ అయ్యుండీ మన కిచెన్‌లోకొచ్చి గిన్నెలు తోమారండీ, వాట్ ఎ సింపుల్ పర్సన్" అన్నాడు. చప్పట్లు! ఆ చప్పట్లు కొట్టిన చేతుల మీద వాతలు పెట్టాలనిపించింది.

ఆవిడ శాలువా తీసి మడిచి కుర్చీ మీద పెట్టింది. మైకు ముందుకొచ్చి కళ్ళు మూసుకుంది. తల్లి మాటల కోసం నేను పక్కకు జరిగి నిలబడ్డాను. ఆవిడ కళ్ళు తెరిచి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, మెడ ఒక పక్కకు తిప్పింది.

"ఏయ్, నిన్నే, ఇటు రా. దీన్నే పంపించారా ఏజెన్సీ వాళ్ళు? అమ్మో, ఏం నలుపే! పులిహోర దగ్గరికి రానివ్వకు, ఆ చేతులు పెడితే ఎవరు తింటారు? గిన్నెలు తోమించు. అది తెచ్చిన ప్లేటు బిన్‌లో పడెయ్, ఏం కలిపిందో ఏమో. యాక్ట్రెస్సంట, దీని మొహానికి!"

గుంటూరు యాస, ముక్కుతో తీసిన ఆ దీర్ఘం, చివర్లో కిసుక్కున నవ్విన నవ్వు, ఒక్కటీ తప్పిపోలేదు. ముందు వరసలో ఆంటీ కూతురు, ఏ ప్రశ్నకూ తెలుగులో జవాబివ్వని పిల్ల, పకపకా నవ్వి "మమ్మీ, దట్స్ యూ!" అంది.

ఒక్క చప్పట్టూ లేదు. ఆవిడ తల వంచి నమస్కారం చేసి స్టేజి దిగింది. భోజనాలకు ఆగకుండా బయల్దేరాం.

కారులో మా ఆయన స్టీరింగు మీద చెయ్యి కొట్టి, "ఇక ఆయన నాకు ఉద్యోగం ఇచ్చినట్టే" అన్నాడు.

"మీ ఉద్యోగం గంగలో కలవనీండి" అన్నాను.

వెనక సీట్లోంచి ఆవిడ, తను చెప్పిన మాటలకు అర్థమేమిటని అడిగింది. తల్లి మాటలు ఎందుకు చెప్పలేదని ఎదురడిగాను. "వంటింట్లో నేర్చుకున్నవే తాజాగా ఉన్నాయి" అంది. అర్థం చెప్పాలని లేదు నాకు. కానీ ఆవిడ వదల్లేదు. నలుపూ, చేతులూ, బిన్‌లోకి పోయిన మిఠాయీ, ఏదీ దాచకుండా చెప్పాను.



"మా దేశంలో ఈ మాటలు పడినందుకు జీతమైనా ఇచ్చేవాళ్ళు" అంది ఆవిడ.