ప్లగ్గుల డాక్టరుకు బిగించిన అద్దాలు

మా బావకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నవి ఆయన తగిలించినవే. ఆయన ముక్కు మీద కూడా ఎప్పుడూ ఒకటి ఉంటుంది గానీ, అందులో ఉండేది ఉత్త గాజు. వారానికో కొత్త ఫ్రేము పెట్టుకుని కౌంటరు వెనక నిలబడితే, వచ్చినవాళ్ళు ముచ్చటపడి అదే కావాలంటారు. "నా చూపుకేం ఢోకా లేదండీ, ఇది మీకు చూపించడానికి పెట్టుకున్నది" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆ ముఖంలో వెలుగు చూసి తీరాలి.

అది పచ్చి అబద్ధం. యాభై దాటినప్పటినుంచి ఆయన పేపరును చేయి చాచినంత దూరంలో పెట్టుకుని చదువుతున్నాడు. ఇప్పుడు చేయి కూడా చాలడం లేదు. అడిగితే, ఈమధ్య అచ్చు సరిగ్గా వేయడం లేదంటాడు. "మీరూ ఒకసారి కళ్ళు పరీక్ష చేయించుకోండి" అని మా అక్క నోరు జారినందుకు రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

ఆదివారం వస్తే బావ ఊరి చివరి మైదానానికి పోతాడు. అక్కడ ఆయనలాంటి పిచ్చివాళ్ళు ఇంకొందరున్నారు. చంకలో పట్టే విమానాలు తెచ్చి ఎగరేస్తారు. వాటి ముక్కుకు నిమ్మకాయంత ఇంజను ఉంటుంది. ఆ ఇంజను ప్రాణమంతా గ్లో ప్లగ్గులో ఉంది. చిటికెన వేలి కొసంత వస్తువు, లోపల వెంట్రుకలాంటి తీగ చుట్ట. బ్యాటరీ క్లిప్పు తగిలిస్తే తీగ ఎర్రగా కాలి, ఇంధనాన్ని అంటిస్తుంది. ఇంజను అందుకున్నాక క్లిప్పు తీసేస్తారు. ఆపైన తన వేడితో తనే తీగను వెలిగించుకుంటుంది.

ఇంజను మొరాయిస్తే మొదట ప్లగ్గు ఊడదీసి, క్లిప్పు తగిలించి, అరచేతి నీడలో తీగ వెలుగుతోందా లేదా అని కంటితో చూడాలి. వెలగని ప్లగ్గును మళ్ళీ ఇంజనులో పెట్టకూడదు. మైదానంలో ఈ నియమం పెట్టింది బావే. ఎవరి ఇంజను మొండికేసినా ఆయన దగ్గరికే తెస్తారు. అందుకే ఆయనకు ప్లగ్గుల డాక్టరని పేరు.

ఆ డాక్టరుగారి చేతిలో ప్లగ్గులన్నీ చచ్చిపోవడం మొదలైంది. ఏది చూసినా "పోయింది" అని పారేస్తున్నాడు. కొత్త ప్లగ్గు విప్పాడు, అదీ పోయింది. బ్యాటరీ మార్చాడు, వైరు మార్చాడు, క్లిప్పు గీకి మెరుగుపెట్టాడు. ఆదివారాల మీద ఆదివారాలు గడిచాయి. విమానం నేల వదల్లేదు.

ఒకసారి నేను వంగి చూశాను. తీగ నారింజ రంగులో భగభగా మండుతోంది.

"బావా, వెలుగుతోందిగా!"

"నీ మొహం. అది ఎండ తళుకు."

పక్కనున్న బేకరీ ఆయన కూడా చూశాడు. చూసి, డాక్టరు అన్నాక ఏదో ఉండే ఉంటుందని, బాగా తిరుగుతున్న తన ఇంజనులోంచి ప్లగ్గు ఊడదీసి బావకు చూపించాడు. "పోయింది" అన్నాడు బావ. ఆ మహానుభావుడు నిజంగానే దాన్ని పారేశాడు. నేను తల పట్టుకున్నాను.

ఆ రోజు ఇంటికొచ్చి బావ ప్రకటించాడు. "వచ్చే ఆదివారం కూడా స్టార్టు కాకపోతే అమ్మేస్తాను. ఇంక ఆదివారాలు ఇంట్లోనే."

సంతోషించాల్సిన మా అక్క ముఖం పాలిపోయింది. నన్ను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరికేసింది.

"ఒరేయ్, ఆ ఇంజను తిరగాలి. ఎలా తిప్పుతావో నాకు తెలీదు."

"నీకెందుకే అంత కంగారు?"

"మొన్న వానపడి ఇంట్లో ఉన్నారు గుర్తుందా? డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దారు. పంచదార పక్కన బట్టల సోడా పెట్టారు. ఏం చేస్తున్నావ్, ఏం చేస్తున్నావ్ అని నా వెనకే తిరిగారు." గొంతు తగ్గించింది. "వారమంతా అందరికీ అన్నీ నేనేరా. పిల్లలు హాస్టలుకెళ్ళాక ఆ ఒక్క పూట దొరికింది. చాప వేసుకుని ఫ్యాను చూస్తూ పడుకుంటాను. అంతే. అదీ పోతే నాకు పిచ్చెక్కుతుంది."

పథకం అక్కదే. ముక్కు కొసన నిలిచే సగం అద్దాల ఫ్రేము ఒకటి ఎంచింది. "దూరం చూడాలంటే పైనుంచి చూస్తారులే" అంది. నేను దుకాణం వెనక గదిలో అద్దాలు బిగించే ఆవిడను బతిమాలి, ఉత్త గాజు తీయించి దగ్గరచూపు అద్దాలు పెట్టించాను. ఆవిడ నవ్వాపుకోలేక స్క్రూ రెండుసార్లు జారవిడిచింది. ఆదివారం పొద్దున అక్క, చదివితే గుట్టు తెలిసిపోతుందని పేపరు దాచేసి, "కొత్త మోడలట, మీకు బాగా నప్పుతుంది" అంటూ భర్త ముక్కుకు తనే తగిలించింది. పొగిడితే ఆయన ఏదైనా పెట్టుకుంటాడు.

మైదానంలో బావ ప్లగ్గుకు క్లిప్పు తగిలించి, చేయి అడ్డం పెట్టి చూశాడు. చూసి ఎగిరి గంతేశాడు.

"వెలిగింది! చెప్పానా, ఇన్నాళ్ళూ నాసిరకం సరుకు అంటగట్టారు!"

నేను బుద్ధిమంతుడిలా తలూపాను.

ప్లగ్గు బిగించి, కర్రతో ఇంజను ముందున్న పంకాను కొట్టి తిప్పాడు. ఇంజను అందుకుంది. క్లిప్పు తీయగానే చచ్చింది. ఇక్కడ మాత్రం బావను మెచ్చుకోవాలి. "ఇంధనం ఎక్కువై తీగ చల్లారిపోతోంది" అన్నాడు. ప్లగ్గు ఊడదీసి, విమానాన్ని తలకిందులు చేసి, పంకా తిప్పి లోపలి తడంతా కక్కించాడు. ఇంధనం తగ్గేలా దాని దారిలో ఉండే సూదిని కొంచెం లోపలికి తిప్పి మళ్ళీ కొట్టాడు. ఈసారి క్లిప్పు తీసినా ఇంజను ఆగలేదు. బేకరీ ఆయన చప్పట్లు కొట్టాడు. నాకు ఆ విమానాలంటే మొదటినుంచీ మంటే, అయినా అది పైకి లేస్తుంటే ఈలవేశాను.

మధ్యాహ్నం ఎప్పటిలాగే నేనూ అక్క ఇంట్లో భోజనానికి దిగాను. అక్క వంగి వడ్డిస్తుంటే బావ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"ఏమే, కళ్ళ కింద ఆ నలుపేంటి?"

"ఎప్పటినుంచో ఉంది."

"నాకు కనపడలేదే!" ఆయన గొంతు మారిపోయింది. "ఇంత అలిసిపోయి ఉన్నావా? వచ్చే ఆదివారం మైదానం లేదు, ఏం లేదు. ఇంట్లోనే ఉంటా. పనంతా నేనే చేస్తా, నువ్వు పక్కన నిలబడి చెప్తూ ఉండు చాలు."

కొంప మునిగింది. అక్క నన్ను కొరకొరా చూసి, గరిటె కిందపెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నాకు సాయం చేయాలనుంటే పొద్దున్నే వెళ్ళిపోండి. నేనొక్కదాన్నే ఉండాలి."

"నేనుంటే అంత ఇబ్బందా?"

"మీరని కాదండీ. ఎవరున్నా నేను లేచి నిలబడాల్సిందే."

బావ ఎడంచేత్తో కళ్ళజోడు తీసి, కంచం అంచు మీద పట్టి, అద్దాల్లోంచి చూస్తూ అటూ ఇటూ జరిపాడు. వృత్తి వృత్తే.

"ప్లస్ రెండు" అన్నాడు. అక్క నన్ను చూపించింది, నేను అక్కను చూపించాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు రెండుంబావు పట్టేది" అని తినడం మొదలుపెట్టాడు.

తరువాతి ఆదివారం భోజనం వేళకు నేను అక్క ఇంటికి బయలుదేరాను. వీధి మొదట్లో బావ స్కూటరు అడ్డంగా నిలబెట్టి ఉంది. వెనక విమానం కట్టి ఉంది, హ్యాండిలుకు రొట్టెల సంచి వేలాడుతోంది.

"ఎక్కడికి బావమరిదీ?"

"అక్క దగ్గరికి. భోజనానికి."

"ఎవరున్నా, అంది. నువ్వు వినలేదూ?" అన్నాడు బావ. "ఎక్కు."