ఎర్ర కండెల సైన్యం నిజంగానే ఓడింది

అంటే నేను మోసం చేశాననే కదా మీరనేది! నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒక్కడే కూర్చుని ఆడే యుద్ధంలో ఎవర్ని మోసం చేస్తాను?

హైదరాబాదులో నా దోస్తు కూడా అలాగే కూశాడు. "రెండు దిక్కులా నువ్వే ఆడితే నువ్వే గెలుస్తవ్ లేరా" అని నవ్వాడు. కోపమొచ్చి, రూల్స్ ప్రకారం ఆడి ఏం జరిగితే అదే ఎస్సెమ్మెస్ చేస్తానని శపథం చేశాను.

కోరుట్లలో పెళ్లికని బయల్దేరితే నక్సలైటు అన్నలు బంద్‌కు పిలుపిచ్చారు. బస్సులు ఆగిపోయి సిరిసిల్లలో మేనత్త ఇంట్లో ఇరుక్కున్నా. ఇంటి వెనక మామ నడిపే సాంచెలు, అదే మరమగ్గాలు, కూడా మూగబోయాయి. నా సంచిలో నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన పన్నెండు పేజీల యుద్ధం ఆట రూల్స్ ఉన్నాయి. రాజులు, రాక్షసులు, మంత్రగాళ్లు. బొమ్మలే లేవు. సాంచెల్లో పెట్టే దారం కండెలు మాత్రం బుట్టనిండా ఉన్నాయి. ఇరవై తెల్ల కండెలు నా రాజు సైన్యం, ఇరవై ఎర్రవి రాక్షసులు. తలగడ కొండ, అత్త వక్కల పెట్టె కోట. రాక్షసులేం చేయాలో పాచిక చెబుతుంది: ఒకటో రెండో పడితే ఆగాలి, మూడో నాలుగో పడితే నడవాలి, ఆపైన పడితే మీద పడాలి.

దరిద్రం, వరసగా ఆరు, అయిదు, ఆరు!

"దాడి చెయ్యండ్రా! కమాండర్‌ని లేపెయ్యండి!" అని రాక్షసుల తరఫున నేనే అరిచాను.

అత్త వంటింట్లోంచి ఉరికొచ్చి నా నోరు మూసింది. "ఓ అల్లుడా, నీకు దండం పెడ్త! గల్లీల పోలీసు జీపు తిరుగుతున్నది. గా లేపుడు, సంపుడు మెల్లగ జేస్కోరాదు?"

"ఇది ఆట అత్తా!"

"గది జీపుల ఉన్నోళ్లకు ఎర్కనా?"

అక్కడినుంచి యుద్ధమంతా గుసగుసల్లోనే. మంత్రగాడు కూడా మంత్రం గొణుక్కున్నాడు. చివరికి నా వైపు రాజు, ఇద్దరు బంట్లు మిగిలారు. అటు రాక్షసులు పదిహేడుమంది. అయినా ఒక్క పాచిక మళ్లీ వేస్తే ఒట్టు.

ఓడిపోతున్నానని దోస్తుకు చెప్పి చద్దామని, సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని డాబా ఎక్కాను. ఇంతలో బంద్ అయిపోయిందన్న కబురొచ్చి కింద సాంచెలు టకటకా మొదలయ్యాయి. దిగొచ్చి చూస్తే కొండ ఉంది, కోట ఉంది, నా ముగ్గురూ ఉన్నారు. ఎర్ర కండె ఒక్కటంటే ఒక్కటి లేదు.

"మామా, నా రాక్షసులేరి?"

మామ సాంచె మీంచి తలెత్తలేదు. "సుట్టిన కండెలు ఊకె కూసోవెడ్తరా అల్లుడూ? లంగల గుడ్డకు ఎర్ర దారం తక్కువ వడ్డది, ఏసిన. గిటు సూడు, నలుగురు గప్పుడే గుడ్డల వడ్డరు."

తొమ్మిదో పేజీ తీశాను. ఆటలోంచి తీసేసినవాడు చచ్చినట్టే. మళ్లీ డాబా ఎక్కి "గెలిచాను" అని మెసేజ్ కొట్టాను. వాడు ఇప్పటికీ ఒప్పుకోడు. మామ చెయ్యి లెక్కలోకి రాదట! ఎవరు తీసేయాలో ఆ పేజీలో ఒక్క ముక్క రాసి లేదు. రాక్షసుల్ని లంగా గుడ్డగా నేసేశాక కూడా వాళ్లు ఓడలేదని అనే దమ్ము మీకుందా?