మూడోసారి మోగిన గంట

స్టేషన్లో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళు ప్లాట్‌ఫారం అంచున నిలబడి, పసుపు గీత దాటినవాళ్ళ మీద ఈల ఊదుతూ బతికింది కాబట్టి అందరికీ ఈలక్క. ఊదడమంటే అలాంటి ఇలాంటి ఊదడం కాదు. ఫోన్లో మునిగిపోయి ముందుకొచ్చిన పెద్దమనిషి ఉలిక్కిపడి, తన తప్పేమీ లేనట్టు కాలరు సర్దుకునేంత గట్టిగా ఊదేది. అన్నేళ్ళలో ఆవిడ ప్లాట్‌ఫారం మీంచి ఒక్కరంటే ఒక్కరు పట్టాల మీద పడలేదు. ఆ సంగతి తనే అందరికీ చెప్పుకునేది. ఏం, చెప్పుకోకూడదా?

మోకాళ్ళు అరిగాక ఆవిడని మేడమీది కెమెరా గదిలో కూర్చోబెట్టారు. కింద ఖాళీ అయిన చోటికి ఆవిడ చెల్లెలే వచ్చింది.

అప్పుడు దిగాడు కంప్యూటరాయన. బట్టతల, ముక్కు చివర కళ్ళజోడు. ఇకమీదట కెమెరాల్లో కనబడేదంతా యంత్రమే చూస్తుందట. ఎవరైనా గీత దాటితే వాళ్ళ చుట్టూ పసుపు గడి గీస్తుందట. పడబోతుంటే ఎర్ర గడి. రెంటికీ గంట మోగుతుంది.

"పడబోయేవాడు ఎలా ఉంటాడో మీరే చెప్పాలమ్మా," అన్నాడాయన.

"ఎలా ఉంటాడేంటండీ? పడబోయేవాడిలా ఉంటాడు."

"అంటే, తూలతాడా?"

"కొందరు తూలరు. చూస్తే తెలుస్తుంది, అంతే."

ఆయన తల పట్టుకున్నాడు. చివరికి పాత వీడియోలు ముందు పెట్టి, మాటలతో పనిలేదు, అలాంటివాడు కనబడినప్పుడల్లా చుట్టూ గడి గీస్తే చాలన్నాడు. ఏడు నెలలు కళ్ళల్లో వత్తులేసుకుని గీసింది ఈలక్క. నాలుగు వేల పైచిలుకు.

"నా కళ్ళు పీకి దానికి పెడుతున్నట్టుందే," అనేది చెల్లెలితో.

"కళ్ళు పెడితే పెట్టావు గానీ, నీ నోరు మాత్రం పెట్టకక్కా," అనేది చెల్లెలు.

యంత్రం మొదలైంది. గంట మోగితే గదిలోవాళ్ళు తెర చూసి 'నిజం' అనో 'తప్పు' అనో నొక్కాలి. ఇక్కడే వచ్చిపడింది తంటా. నారింజ జాకెట్లు వేసుకున్న స్టేషన్ వాళ్ళు రోజంతా గీతకి అవతలే తిరుగుతారు, వాళ్ళ పనే అది. యంత్రానికేం తెలుసు? వాళ్ళని చూసి గంటకి యాభైసార్లు మోగి, అందరికీ తలప్రాణం తోకకి తెచ్చింది. దాంతో ఆ గదిలో ఒక అలవాటు పాతుకుపోయింది. జాకెట్ కనబడిందా, 'తప్పు' కొట్టెయ్. గడి ఏ రంగో కూడా చూసేవారు కాదు. ఆ అలవాటు మొదలుపెట్టింది ఇంకెవరో కాదు, ఈలక్కే. "మనవాళ్ళు పడతారేంటి!" అనేది.

ఆ రోజు మధ్యాహ్నం కింద చెల్లెలు డ్యూటీలో ఉంది. మూడు రోజుల జ్వరం తగ్గీ తగ్గకుండానే వచ్చింది. పొద్దున అక్క అడిగితే "బాగానే ఉన్నాలే, నీ చాదస్తం నువ్వూనూ" అని కొట్టిపారేసింది.

గంట మోగింది. తెర మీద జాకెట్. ఈలక్క 'తప్పు' నొక్కి టీ గ్లాసు అందుకుంది. మళ్ళీ మోగింది. అదే జాకెట్. మళ్ళీ 'తప్పు'. "దీనికి మతి పోయినట్టుంది," అని విసుక్కుంది. పక్క తెరలో రైలు మలుపు తిరుగుతోంది. మూడోసారి మోగింది. వేలు అలవాటుగా మీట మీదికి వెళ్ళింది కూడా.

గడి ఎర్రగా ఉంది.

అందులో చెల్లెలు. తూలడం లేదు, ఊగడం లేదు, ఊరికే నిలబడి ఉంది. ఎంత చూసినా ఈలక్కకి చెల్లెలే కనబడుతోంది గానీ పడబోయే మనిషి కనబడటం లేదు. మొహం వదిలేసి కాళ్ళు చూసింది. మడమలు లేచాయి. దిగాయి. మళ్ళీ లేచాయి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎంతమంది ఇలా నిలబడితే తను గీసింది ఆ గడి! రైళ్ళు ఆపే అత్యవసర మీటని అరచేత్తో గుద్దింది.

చెల్లెలు నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పట్టాల మీదికి ఒరిగిపోయింది. రైలు కీచుమంటూ వచ్చి ఆమెకి నాలుగు మూరల దూరంలో ఆగింది.

సాయంత్రం కంప్యూటరాయన వచ్చి వీడియో వెనక్కి తిప్పి చూశాడు. మొదటి గంట మోగింది ఆమె పడడానికి నలభై సెకన్ల ముందు.

"మడమలమ్మా. పడబోయేవాళ్ళ మడమలు ముందే కదులుతాయి. అది నేను నేర్పలేదు. మీరు గీసిన గడుల్లోంచి అదే ఏరుకుంది."

ఈలక్క తెరల పక్కనున్న యంత్రం పెట్టె కేసి తిరిగింది. ఇరవై ఆరేళ్ళు తను దేన్ని చూసి ఈల ఊదిందో తనకే తెలియదు, ఆ పెట్టెకి తెలిసింది! పైగా దానికి అక్కా లేదు, చెల్లీ లేదు, మనవాళ్ళూ పరాయివాళ్ళూ లేరు. అమ్మో, ఎంత చూపు! లేచి దాని మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

ఆసుపత్రిలో చెల్లెలి మోచేతికి కట్టు కట్టారు. స్టేషన్ వాళ్ళు వచ్చి, మీ అక్కది డేగకన్ను అని పొగిడి వెళ్ళారు.

"నువ్వే చూశావటగా అక్కా," అంది చెల్లెలు.

అవునంటే సరిపోయేది. యంత్రం వచ్చి సాక్ష్యం చెప్పదు.

"నేను చూళ్ళేదే," అంది ఈలక్క. "అది మూడుసార్లు చెప్పింది. రెండుసార్లు దాని నోరు నేనే నొక్కేశాను. జాకెట్ చూసి, మనవాళ్ళేగా అని."

చెల్లెలు బాగున్న చేత్తో అక్క చెయ్యి పట్టుకుంది.

"నిన్ను తిట్టడం తర్వాత. ఇప్పుడు ఆ గదిలో ఎవరున్నారు? జాకెట్ కనబడితే వాళ్ళేం నొక్కుతున్నారు?"

ఈలక్క సంచి కూడా తీసుకోకుండా బయటికి పరుగెత్తింది.